మెడ దెబ్బ తగ్గడానికీ మనసుకీ ఏంటి సంబంధం: నా దగ్గర రోజూ అడిగే ప్రశ్నలు

గుంటూరు బ్రాడీపేటలో చిన్న ఫిజియోథెరపీ క్లినిక్ నాది, వారంలో రెండు సాయంత్రాలు విజయవాడ సూర్యారావుపేటలో కూడా చూస్తాను. బండి మీంచి పడినవాళ్ళు, కారుని వెనక నుంచి ఎవడో గుద్దితే మెడ పట్టేసినవాళ్ళు, బస్సు సడన్ బ్రేక్ వేస్తే ముందు సీటుకి కొట్టుకున్నవాళ్ళు తెగ వస్తుంటారు. అందరూ అడిగేవి ఇంచుమించు అవే ప్రశ్నలు, చెప్పిందే చెప్పి నాకే నోరు నొప్పి పుడుతోంది, అందుకని కూర్చుని టైపు చేసి పెట్టా, ఇకమీదట అడిగినవాళ్ళకి ఇదే పంపిస్తా.

నొప్పి మెడలో ఉంటే మీరు నిద్ర గురించి, భయం గురించి అడుగుతారేంటి మేడమ్? నాకేమన్నా పిచ్చా?

కాదండీ బాబూ. ఈ ప్రశ్న అడిగేటప్పుడు సగం మందికి కోపం వస్తది, అది నాకు అర్థమవుద్ది కూడా, ఎందుకంటే మనసు అనే మాట ఎత్తగానే "అంటే నాది ఉత్తుత్తి నొప్పి అంటున్నారు" అని వినపడుద్ది వాళ్ళకి. నేను అనేది అది కాదు. నొప్పి నిజం. కండరం బెణికింది నిజం. కాకపోతే ఎంత నొప్పి తెలియాలి, ఎన్నాళ్ళు తెలియాలి అనేది మెడ ఒక్కటే తేల్చదు, నరాలూ మెదడూ కలిసి తేలుస్తాయి.

దొంగలు పడ్డ ఇల్లు చూశారా ఎప్పుడైనా? ఆర్నెల్ల దాకా పిల్లి గోడ దూకినా ఇల్లంతా లేచి లైట్లు వేస్తారు. పిల్లి నిజమే, చప్పుడూ నిజమే, దొంగ మాత్రం లేడు. దెబ్బ తగిలిన మెడ కూడా అంతే, కండరం మానిపోయాక కూడా నరాల వ్యవస్థ కాపలా దిగదు, చిన్న కదలికకే గోల పెడుద్ది. నిద్ర లేకపోతే, దిగులు ఉంటే, కోపం ఉంటే ఆ కాపలా ఇంకా గట్టిగా ఉంటది. టెన్షన్‌లో ఉన్నప్పుడు మీ భుజాలు ఎక్కడున్నాయో ఓసారి చూసుకోండి, చెవుల దగ్గరికి వచ్చేసి ఉంటాయి. అలా రోజంతా బిగబట్టుకుని కూర్చుంటే బాగున్న మెడ కూడా నొప్పెడుతుంది కదా.

మరి అది భయం వల్లా, లోపల నిజంగా ఏదన్నా విరిగిందా అని తెలిసేదెలా?

ఇది ముందు తేల్చుకోవాలి, మనసు సంగతి ఆ తర్వాతే. యాక్సిడెంట్ అయ్యాక చేతులూ కాళ్ళల్లో తిమ్మిరి ఎక్కినా, చేతి పట్టు సడలి గ్లాసు జారిపోతున్నా, నడక తూలుతున్నా, మూత్రం మీద కంట్రోల్ పోయినా, మాట ముద్దగా వస్తున్నా, ఒక వస్తువు రెండుగా కనపడుతున్నా, ముందెప్పుడూ లేనంత తలనొప్పి వచ్చినా ఫిజియో దగ్గరికి కాదు, నేరుగా ఎమర్జెన్సీకి వెళ్ళండి. గుంటూరు పెద్దాసుపత్రి (ప్రభుత్వ జనరల్ హాస్పిటల్, జీజీహెచ్) ఉంది, మంగళగిరి ఎయిమ్స్ ఉంది, ఎక్కడ దగ్గరైతే అక్కడికి.

కెనడా డాక్టర్లు 2001లో ఒక రూల్ పెట్టారు, మెడకి ఎక్స్‌రే ఎవరికి కావాలో చెప్పేది. వయసు 65 నిండినా, పెద్ద ప్రమాదమైనా, చేతులూ కాళ్ళల్లో తిమ్మిరి ఉన్నా ఫోటో తీయాల్సిందే. అవేమీ లేకుండా రిస్కు తక్కువని డాక్టర్‌కి అనిపించినప్పుడు మాత్రమే మెడని అటూ ఇటూ 45 డిగ్రీలు తిప్పమంటారు, తిరిగితే ఫోటో అక్కర్లేదు. అది వాళ్ళు చూసేది, మీరు ఇంట్లో అద్దం ముందు నిలబడి ట్రై చేసుకునేది కాదు.

విప్‌లాష్ అని రాశారు చీటీలో. అదేం జబ్బు?

కొరడా విసిరినట్టు మెడ వెనక్కీ ముందుకీ ఊగడం. 1928లో హెరాల్డ్ క్రో అనే అమెరికన్ ఆర్థోపెడిక్ డాక్టర్ వాడాడు ఆ మాట. 1995లో కెనడాలో క్యూబెక్ టాస్క్ ఫోర్స్ వాళ్ళు దీన్ని గ్రేడులుగా విడగొట్టారు. ఒకటి అంటే నొప్పీ బిగుసుకుపోవడం మాత్రమే, రెండు అంటే డాక్టర్ చేత్తో చూస్తే మెడ సరిగ్గా తిరగట్లేదనీ నొక్కితే నొప్పెడుతోందనీ తెలియడం, మూడు అంటే నరాల మీద ప్రభావం, నాలుగు అంటే ఎముక విరగడం లేదా జరగడం. నా దగ్గరికొచ్చేది చాలావరకు ఒకటీ రెండే. నేను ఇక్కడ రాసేదంతా కూడా ఆ రెండింటి గురించే అనుకోండి.

ఎన్నాళ్ళకి తగ్గుద్ది?

తగ్గడం అనేది ఎక్కువగా మొదటి రెండు మూడు నెలల్లోనే జరుగుద్ది, తర్వాత నెమ్మదిస్తది. ఏడాది తర్వాత కూడా ఇంచుమించు సగం మంది ఎంతో కొంత నొప్పి ఉందనే చెప్తారని స్టడీలు చెప్తున్నాయి. కంగారు పడకండి, ఎంతో కొంత అంటే మంచాన పడటం కాదు, అప్పుడప్పుడు పట్టేయడం కూడా ఆ లెక్కలోకే వస్తది. ఎవరికి లేటు అవుద్ది అంటే, మొదట్లోనే నొప్పి బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళకి, అది అన్నిటికంటే గట్టి గుర్తు. దాని వెనకాలే వచ్చేవి చూడండి: ఇక నా పని అయిపోయింది అనే ఆలోచన, యాక్సిడెంట్ కళ్ళ ముందు తిరుగుతూ ఉండటం, తగ్గదనే నమ్మకం. ఎక్స్‌రేలో కనపడే గీతల కంటే ఇవే ముందు చెప్పేస్తాయి. కారు ఎంత స్పీడులో గుద్దింది, బంపర్ ఎంత నలిగింది అనేవి అంతగా చెప్పవు. నాకు కూడా కాలేజీలో ఇది చదివినప్పుడు నమ్మబుద్ధి కాలేదు.

తగ్గదేమో అనుకున్నంత మాత్రాన నిజంగానే తగ్గకుండా పోతదా?

దీనికి కాస్త ఎక్కువ చెప్పాలి. స్వీడన్‌లో 2008లో వచ్చిన స్టడీ ఒకటుంది, దెబ్బ తగిలిన కొత్తలోనే వాళ్ళని "మీరు పూర్తిగా కోలుకుంటారనుకుంటున్నారా" అని అడిగి రాసుకున్నారు, ఆరు నెలలాగి మళ్ళీ చూశారు. కష్టమే అన్నవాళ్ళు బాగా ఇబ్బందిలో ఉండే అవకాశం మిగతావాళ్ళ కంటే సుమారు నాలుగు రెట్లు తేలింది. దెబ్బ పెద్దదైతే నిరాశ కూడా పెద్దదే కదా అంటారేమో, ఆ తేడా లెక్క తీసేసి చూసినా అంతే.

జర్మనీ వాళ్ళు 2001లో ఇంకో చిత్రమైన పని చేశారు. 51 మందిని కార్లో కూర్చోబెట్టి వెనక నుంచి గుద్దినట్టే అనిపించేలా సెట్టింగు వేశారు, నిజానికి మెడ మీద ఏ దెబ్బా పడలేదు. అయినా కొద్ది రోజుల్లోనే ఐదుగురిలో ఒకరు మెడనొప్పి, తలనొప్పి లాంటివి చెప్పారు. వాళ్ళు అబద్ధం చెప్పారని నేను అనుకోను. గుద్దితే మెడ పోద్ది అని తల్లో ఉంటే మెడ దాని ఏర్పాట్లలో అది ఉంటది మరి.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. మనకి పరామర్శలు అని ఒక సంప్రదాయం ఉంది. మనిషి యాక్సిడెంట్ అయ్యి ఇంట్లో పడుకుంటే అరటిపళ్ళు పట్టుకుని వచ్చి మంచం పక్కన కుర్చీ వేసుకుని మొదలెడతారు, "మా తోడికోడలు వాళ్ళ అన్నకి ఇలాగే మెడకే తగిలిందమ్మా, మూడేళ్ళయింది, ఇప్పటికీ తల తిప్పలేడు, ఉద్యోగం కూడా మానేశాడు". ప్రేమతోనే చెప్తారు, కాదనను. కానీ వినేవాడి తల్లో అది మేకు దిగినట్టు దిగుద్ది. నాకు శంకర్ విలాస్ సెంటర్ దగ్గర ఆటో తగిలి స్కూటీ మీంచి పడ్డప్పుడు మా పెద్దత్త ఇలాగే రెండు గంటలు కూర్చుంది, నేను ఫిజియోని అయ్యుండి కూడా ఆ రాత్రి మూడింటికి లేచి చెయ్యి తిమ్మిరెక్కిందా అని వేళ్ళు మడిచి చూసుకున్నా. కాబట్టి చూడ్డానికి వచ్చేవాళ్ళకి నాది ఒక్కటే రిక్వెస్టు, తగ్గినవాళ్ళ కథలు చెప్పండి. చాలావరకు తగ్గి మామూలుగా పనుల్లో పడ్డవాళ్ళే ఎక్కువ, కాకపోతే తగ్గినవాడి గురించి చెప్పుకోవడానికి ఏముంటది, అదే చిక్కు.

మెడ తిప్పితే ఇంకా పాడవుద్దని భయంగా ఉంది. కదపకుండా ఉంచితే మంచిదే కదా?

ఎముక విరగనప్పుడు మంచిది కాదు. 1998లో నార్వే వాళ్ళు ఒక గుంపుకి రెండు వారాలు సెలవూ, మెడకి చుట్టే బెల్టూ (కాలర్) ఇచ్చారు, ఇంకో గుంపుకి మీ పనులు మీరు మామూలుగా చేసుకోండి అన్నారు, ఆరు నెలల తర్వాత చూస్తే మామూలుగా తిరిగినవాళ్ళే బాగున్నారు. మన దగ్గర ఇప్పటికీ మెడకి బెల్టు వేసుకుంటేనే వైద్యం జరిగినట్టు లెక్క. నెలన్నర నుంచి కాలర్ తీయకుండా వచ్చినవాళ్ళున్నారు, స్నానానికి కూడా తీయట్లేదంట, తీస్తే తల ఊడిపడుతుందన్నట్టు రెండు చేతులతో గడ్డం పట్టుకుంటారు.

ఒకాయన సంగతి చెప్తా, పేరు వద్దులెండి. గుంటూరు నుంచి రోజూ బండ్ల రిపేరు షెడ్లుండే విజయవాడ ఆటోనగర్‌కి కార్లో వెళ్ళొచ్చేవాడు, కాజ టోల్‌ప్లాజా దగ్గర లైన్లో ఆగి ఉంటే వెనక నుంచి వ్యాన్ గుద్దింది. నా దగ్గరికొచ్చేసరికి నాలుగు నెలలు. కుడివైపు తిప్పండి బాబాయిగారూ అంటే 30 డిగ్రీలు కూడా రావట్లేదు, చెమటలు పడుతున్నాయి, దవడ బిగించేస్తున్నాడు. సరేలే అని కొలత రాసుకుంటూ మీ అమ్మాయి పెళ్ళెప్పుడండీ అని అడిగా. ఆయన మొహం విప్పారింది, కట్నాలూ కల్యాణమండపమూ చెప్తున్నాడు, ఇంతలో వెనక తలుపు దగ్గర మా క్లినిక్ అమ్మాయి "సార్, కాఫీనా టీనా" అంది, ఈయన "కాఫీ అమ్మా, పంచదార తక్కువ" అని సగం వెనక్కి తిరిగి మరీ చెప్పాడు. భుజం కదల్లేదు, మెడే తిరిగింది, 60 పైనే ఉంటది. తిరిగాక ఆయనకే తెలిసి ఆగిపోయి నా వంక చూశాడు. "నేను నాటకం ఆడట్లేదమ్మా" అన్నాడు, కళ్ళల్లో నీళ్ళు. నాకు తెలుసండీ అన్నా. మెడకి తిరిగే శక్తి ఉంది, తిప్పబోతున్నాం అని ముందే తెలిస్తే భయం బ్రేకు వేస్తోంది, మీరు ఆ బ్రేకు మీద కాలు పెట్టుకుని ఇంజనుకి రిపేరు చేయించుకుంటున్నారు అన్నా. ఆటోనగర్ మనిషి కదా, ఆ మాట ఠక్కున పట్టుకున్నాడు.

ఆయనకి నేను చేయించింది పెద్ద విద్యలేం కాదు. గంటకోసారి అద్దం ముందు, నొప్పి మొదలయ్యే చోటిదాకా తిప్పి రెండు సార్లు ఊపిరి నిదానంగా వదిలి వెనక్కి రావడం. నొప్పి వచ్చిందంటే పాడైపోయిందని అర్థం కాదు అని ప్రతిసారీ బయటికి అనుకోవడం. దాంతోపాటు ఇంట్లో కుక్కర్ విజిల్ ఎటు వినపడితే అటు తల తిప్పాలి, అది వాళ్ళావిడ పెట్టిన రూలు, నాది కాదు, కానీ బాగా పనిచేసింది.

ఎమ్మారైలో డిస్క్ బల్జ్ అని వచ్చింది. అదే కారణం కదా?

అవ్వొచ్చు, కాకపోవచ్చు. బల్జ్ అంటే మెడ ఎముకల మధ్య మెత్తలా ఉండే డిస్క్ కాస్త బయటికి ఉబ్బడం. జపాన్‌లో ఏ మెడనొప్పీ లేని 1211 మందికి ఎమ్మారై తీస్తే సుమారు 88 శాతం మందికి బల్జ్ కనపడింది, 20 ఏళ్ళ కుర్రాళ్ళతో సహా. 2015లో వచ్చింది ఆ స్టడీ. ఈ రిపోర్టు కాగితం మనిషిని ఎంత పాడు చేస్తదో నేను రోజూ చూస్తా. ఒక పెద్ద ఆసుపత్రిలో ఒకావిడకి "మీ మెడ డిస్కులు అరిగిపోయాయి, జాగ్రత్త, కాస్త అటూ ఇటూ అయితే అంతే" అని చెప్పి పంపారంట, ఆవిడ అప్పట్నుంచి దిండు లేకుండా, పక్కకి కూడా తిరక్కుండా ఏడు నెలలు వెల్లకిలా పడుకుంది. చేతిలోకి నొప్పి పాకడం, పట్టు తగ్గడం లాంటివి రిపోర్టుతో కలిస్తే అప్పుడు దానికి విలువ. ఉత్త కాగితానికి కాదు.

యాక్సిడెంట్ అయినకాడి నుంచి బండి ఎక్కాలంటే దడ. వెనక హారన్ కొడితే ప్రాణం పోతోంది.

మొదటి నెలలో చాలామందికి ఉండేదే. నెల దాటినా అవే కలలు రావడం, ఆ రోడ్డు మీద నుంచి వెళ్ళకుండా చుట్టు తిరిగి వెళ్ళడం, చిన్న చప్పుడుకి ఉలిక్కిపడటం, ఎవరన్నా ఆ సంగతి ఎత్తితే లేచి వెళ్ళిపోవడం ఉంటే మాత్రం సైకియాట్రిస్టుని గానీ సైకాలజిస్టుని గానీ కలవండి, ఎందుకంటే ఆ ఉలికిపాటు తగ్గకపోతే మెడ తగ్గడం కష్టం, ఉలిక్కిపడ్డ ప్రతిసారీ మెడే కదా ముందు బిగుసుకునేది. ఆస్ట్రేలియాలో మెడ వ్యాయామాలు నేర్పే ఫిజియోలే ఒత్తిడిని ఎదుర్కోవడం కూడా కలిపి ఆరు వారాలు నేర్పితే, వ్యాయామం ఒక్కటే చేసినవాళ్ళ కంటే బాగున్నారని 2019లో తేలింది. నేను సైకాలజిస్టుని కాదు, కానీ ఆ మాత్రం ఊపిరి పీల్చడం, భయాన్ని మెట్లుగా కోసుకోవడం నేర్పగలను.

మెట్లంటే ఇలా. ముందు స్టాండ్ వేసిన బండి మీద ఊరికే పది నిమిషాలు కూర్చోండి. దడ వస్తది, దిగకండి, దానంతటది తగ్గేదాకా ఉండండి. రెండో రోజు వీధి చివరిదాకా. తర్వాత బ్రాడీపేట అడ్డరోడ్లు, పొద్దున్నే ఆరింటికి, ట్రాఫిక్ లేనప్పుడు. తర్వాత లక్ష్మీపురం మెయిన్ రోడ్డు. వారధి, బెంజ్ సర్కిల్ ఆఖరున, వాటి గురించి మొదటి వారంలో ఆలోచించనే వద్దు. ఒక మెట్టు మీద బోర్ కొట్టాకే పై మెట్టు.

కేసు నడుస్తోంది. డబ్బు కోసం నటిస్తున్నాడు అంటున్నారు మేడమ్.

అనేవాళ్ళు అంటారు. కెనడాలో సస్కాచ్వాన్ అనే రాష్ట్రంలో 1995 జనవరి నుంచి నొప్పికీ బాధకీ పరిహారం ఇచ్చే పద్ధతి తీసేశారు. క్లెయిములు 28 శాతం తగ్గాయి, ఒక్కో క్లెయిము ముగిసే టైము 400 పైచిలుకు రోజుల నుంచి సుమారు 200కి పడిపోయింది. దీన్ని పట్టుకుని చూశారా అందరూ దొంగలే అన్నారు కొందరు. నాకైతే అలా అనిపించదు. ప్రతి వాయిదాకీ నీ నొప్పి నువ్వే రుజువు చేసుకోవాలంటే, పొద్దున లేచిన దగ్గర్నుంచి నొప్పిని వెతుక్కుంటూ ఉండాల్సి వస్తది. వెతికితే దొరుకుద్ది.

దానికి తోడు కోపం. "నేను ఆగి ఉన్నాను, తప్పు వాడిది, వాడు హాయిగా తిరుగుతున్నాడు, నేనిక్కడ వేడినీళ్ళ కాపడం పెట్టుకుంటున్నా." ఈ అన్యాయం అనే ఫీలింగుని కొలవడానికి 12 ప్రశ్నల పట్టిక కూడా ఉంది, అది ఎక్కువ ఉన్నవాళ్ళు తిరిగి పనిలోకి వెళ్ళడం లేటవుతుందని చూశారు. క్షమించేయండి అని నేను చెప్పను, నన్ను గుద్దిన ఆటోవాణ్ణి నేనే క్షమించలేదు. కేసు మానుకోమనీ చెప్పను, రావాల్సింది రాబట్టుకోండి. వకీలుతో మాట్లాడేది వారంలో ఒక పూట పెట్టుకోండి, కాగితాలన్నీ ఒక ఫైల్లో పెట్టి బీరువాలో పెట్టేయండి, రోజూ అన్నం తినేటప్పుడు ఆ ముచ్చట వద్దు.

డాక్టర్ గారు రాసిన టాబ్లెట్ గూగుల్‌లో చూస్తే డిప్రెషన్‌కి అని ఉంది. నాకు డిప్రెషన్ లేదు, మానేశా.

అయ్యో. అమిట్రిప్టిలిన్ అయ్యుంటది, 10 మిల్లీగ్రాములో 25వో. అది తక్కువ డోసులో నరాల నొప్పికీ, నిద్రకీ కూడా ఇస్తారు. మీ అంతట మీరు మానేయకుండా రాసినాయన్నే అడగండి. నిజంగా డిప్రెషన్ ఉండి ఇచ్చినా అందులో సిగ్గు పడేదేం లేదు, నెలల తరబడి నొప్పితో ఉన్న మనిషి దిగులు పడకపోతేనే ఆశ్చర్యం.

ఇంట్లోవాళ్ళం మేం ఏం చేయాలి?

అతి చేయకండి. బిందె ఎత్తకు, వంగకు, కూర్చో, నేను తెస్తా అని రోజుకి ఇరవై సార్లు అంటే ఆ మనిషి నేను గాజుబొమ్మని అని ఫిక్స్ అయిపోతారు. అలాగని "ఎన్నాళ్ళీ మెడ పురాణం" అని దెప్పడం దానికంటే పాపం. ఎలా ఉంది నొప్పి అని అడిగే బదులు ఇవాళ ఏం చేశావు అని అడగండి.

సెలూన్‌లో మెడ టకటకమనిపిస్తే హాయిగా ఉంటది కదా?

వద్దు. మెడలో మెదడుకి వెళ్ళే రక్తనాళాలు ఉంటాయి, ఆ గుంజుడికి చిరిగితే పక్షవాతం రావచ్చు. దెబ్బ తగిలిన మెడకైతే అసలు వద్దు.

దిష్టి తీయించాం, తాయెత్తు కట్టించాం. తప్పా?

మా అమ్మ నాకూ తీసింది, ఎండుమిరపకాయలు పొయ్యిలో వేస్తే ఘాటు రాలేదని తేల్చి చెప్పింది. ఘాటు రాకపోవడానికి కారణం ఆ కాయలు పాతవి అని నా అనుమానం, గుంటూరులో ఉండి ఆ మాట అనకూడదనుకోండి. ఆవిడ నీళ్ళు చల్లి ఇక పోయిందిలే అంది చూడండి, ఆ రాత్రి బాగానే నిద్ర పట్టింది. కట్టుకోండి, దాంతోపాటు వ్యాయామం కూడా చేయండి. తాయెత్తు కట్టాం కదా అని స్కానింగ్ మానేస్తేనే నాకు కోపం.

కౌన్సిలింగ్‌కి వెళ్ళాలంటే మొహమాటంగా ఉంది. ఎవరన్నా చూస్తే?

ఫోన్లో మొదలుపెట్టండి. టెలీ మానస్ అని ప్రభుత్వం వాళ్ళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ ఉంది, నంబరు 14416, 2022 నుంచి ఉంది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. ఏం మాట్లాడాలో తెలియకపోతే "యాక్సిడెంట్ అయ్యింది, నిద్ర పట్టట్లేదు" అని ఆ ఒక్క ముక్క చెప్పండి, మిగతాది వాళ్ళే అడుగుతారు. చచ్చిపోవాలనే ఆలోచన వస్తుంటే మాత్రం మొహమాటం పక్కన పెట్టి ఇవాళే చేయండి, ఇంట్లో ఒకరికి చెప్పండి.

తగ్గిపోయింది అనుకున్నా, మళ్ళీ పట్టేసింది. మొత్తం మొదటికొచ్చిందా?

నిన్న ఏం చేశారు అని అడుగుతా నేను ముందు. నూటికి తొంభై మంది దగ్గర జవాబు ఉంటది. నొప్పి లేదు కదా అని సంక్రాంతికి ఇల్లంతా బూజు దులిపా, అంటే మూడు గంటలు మెడ పైకెత్తి. లేకపోతే ఆవకాయ పట్టా, ఒక్క రోజులో పాతిక కాయ. బాగున్న రోజు మొత్తం చేసేయడం, తర్వాత మూడు రోజులు పడుకోవడం, పడుకున్నప్పుడు అయ్యో మళ్ళీ వచ్చింది అని దిగులు, ఆ దిగులుకి ఇంకాస్త బిగుసుకోవడం. బాగున్నా బాగోకపోయినా రోజూ ఒకే కొలత పని పెట్టుకోండి, వారానికి కాస్త పెంచుకుంటూ పోండి. బూజు అయితే రోజుకో గది.

ఆ కాజ టోల్ బాబాయిగారు మొన్న ఫోన్ చేశారు, పెళ్ళిపందిట్లో తలంబ్రాలప్పుడు అటూ ఇటూ తిరిగి తిరిగి రెండు రోజులు మెడ పట్టేసిందంట. వస్తారా అంటే, ఎందుకమ్మా, గంటకోసారి తిప్పుతున్నాగా, ఎల్లుండికి సర్దుకుంటది, మీరు పెళ్ళికి ఎందుకు రాలేదు ముందు అది చెప్పండి అన్నారు.